కొమ్ముపిట్ట అడిగిన ఇనప తలుపు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక రాజుగారు ఉండేవారు. ఆయన గర్జించడం, మిగతావాళ్లు వణకడం మీరు బోలెడు కథల్లో వినే ఉంటారు. అందుకని ఇవాళ ఆయన్ని నిద్రపోనిద్దాం పిల్లలూ. మనం వాగు ఒడ్డున ఉన్న కొలిమి దగ్గరికి వెళదాం.

ఆ కొలిమి బొంతక్కది. బొంతక్క ఒక ఎలుగుబంటి. ఒంటి నిండా బొంత కప్పుకున్నట్టు బొచ్చు ఉంటుందని ఆ పేరు. అడవి అంచున మనుషులు పారేసిన విరిగిన గొలుసులు, అరిగిన నాగటికర్రులు ఏరుకొచ్చి, ఎర్రగా కాల్చి, సమ్మెటతో కొట్టి పనిముట్లు చేసేది. ఆమె మొగుడు దుబ్బయ్య తిత్తి ఊదేవాడు. నిప్పు ఆరకుండా గాలి అందించడమూ చిన్న పనేం కాదు.

అయినా వచ్చినవాళ్లంతా చేతిలో సమ్మెట ఉన్న బొంతక్కను వదిలేసి, దుబ్బయ్య వైపే తిరిగేవారు.

"అన్నా, ఒక పని పడింది," అనేవారు.

"పని ఆవిడకు చెప్పండి. నాకు చెబితే గాలి వస్తుంది, అంతే," అనేవాడు దుబ్బయ్య.

కొలిమి పెట్టిన కొత్తలో దొరబాబు అనే అడవి కోడిపుంజు వచ్చాడు. మెడ నిక్కించి ఒక చుట్టు తిరిగాడు.

"అక్కా, నేను కూస్తేనే ఈ అడవికి తెల్లారుతుంది. అంత గొప్ప తల మీద ఈ మెత్తటి తురాయి ఏం బాగుంది చెప్పు? గాలి వీస్తే పక్కకి వాలిపోతోంది. ఇనుముతో ఒకటి చేసిపెట్టు," అన్నాడు.

బరువవుతుందని బొంతక్కకు తెలుసు. కానీ కొత్త కొలిమి. వచ్చినవాళ్లను కాదంటే మళ్లీ రారేమోనని భయం. 'అడిగింది చేసివ్వడమే కదా మన పని' అనుకుంది. చేసి తలకు బిగించింది.

దొరబాబు తల వాలిపోయింది. ముక్కు నేలకు ఆనింది. మర్నాడు తెల్లవారుజామున కూయబోతే "కొక్..." అని ఆగిపోయింది. నోట్లోకి మట్టి పోయింది. సూర్యుడు మాత్రం ఎవరినీ అడక్కుండా తన వేళకు తను వచ్చేశాడు.

సంగతి తెలిసి బొంతక్క పట్టకారు పుచ్చుకుని పరిగెత్తింది. దారిలో కోడిపెట్టలు అడ్డం వచ్చాయి.

"తొందరేముంది వదినా! ఇంకో నాలుగు రోజులు ఉండనీ. మేం ఇంత హాయిగా పడుకుని ఎన్నాళ్లయిందో," అన్నాయి.

తురాయి ఊడదీయగానే దొరబాబు గయ్యిమన్నాడు. "నేనంటే అడిగాను. పని తెలిసినదానివి, నువ్వు ముందే చెప్పొద్దా?"

బొంతక్కకు కోపం వచ్చింది. ఆ మాటలో నిజం ఉన్నందుకు ఇంకా కోపం వచ్చింది. 'ఇక ఎవరైనా పిచ్చి పని అడిగితే మొహం మీదే కాదనేస్తాను' అనుకుంది.

ఆ కోపం ఎవరి మీద పడిందో తెలుసా? ఉడతవ్వ మీద. పాపం, ఆ అవ్వ బోసినోటితో వచ్చింది.

"అమ్మాయ్, నా పళ్లన్నీ ఊడిపోయాయి. ఇనప పళ్లు రెండు చేసిపెట్టవే," అంది.

"ఇనప పళ్లా!" అని బొంతక్క పగలబడి నవ్వింది. "చిగుళ్లు చీరుకుపోతాయి అవ్వా. ఇలాంటి పిచ్చి పనులు నా దగ్గర కావు. ఇంటికి వెళ్లు."

ఉడతవ్వ తోక ముడుచుకుని వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు బొగ్గుల కోసం వెళ్లిన దుబ్బయ్య ఖాళీ బుట్టతో తిరిగొచ్చాడు. మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది బొంతక్క.

"ఉడతవ్వను చూశానే. చుట్టూ గింజలు కుప్పపోసి ఉన్నాయి. ఒక గింజ తీసుకుని నాకుతుంది, కింద పెడుతుంది. ఇంకోటి తీసుకుని నాకుతుంది, కింద పెడుతుంది. తిండి మధ్యలో కూర్చుని ఎండిపోతోంది. పళ్లు లేనిది పళ్లే అడుగుతుంది కదా పాపం. ఇంకేం అడగాలో ఆమెకేం తెలుసు?"

బొంతక్క చేతిలో సమ్మెట ఆగిపోయింది. వెంటనే అవ్వ దగ్గరికి వెళ్లింది. ఆ చిన్ని చేతిని రాతిపలక మీద పెట్టించి, చుట్టూ బొగ్గుతో గీత గీసుకుంది. ఆ కొలతకు సరిపోయేలా ఒక బుల్లి అడకత్తెర చేసిచ్చింది.

అవ్వ గింజను మధ్యలో పెట్టి నొక్కింది. టక్! పగిలింది. పప్పు బుగ్గన పెట్టుకుని, బొంతక్కను తినేసేలా చూసింది.

"ఇదేదో ఆ రోజే ఇచ్చి ఉంటే ఇన్నాళ్లు పస్తులుండేదాన్నా?"

"నువ్వు అడిగింది పళ్లు కదా అవ్వా!"

"అడిగింది పళ్లే. కావలసింది పప్పు. ఆ మాత్రం కనుక్కోవద్దటే?"

ఆ రోజు నుంచి కొలిమిలో ఒక పద్ధతి వచ్చింది. ఎవరు ఏమడిగినా బొంతక్క వెంటనే సరే అనదు, కాదూ అనదు. బొగ్గు ముక్క చేతిలోకి తీసుకుంటుంది. "ఎందుకు కావాలి? వాడేది ఎవరు? వాళ్లను చూపించు, కొలత తీసుకోవాలి," అంటుంది. వాడేవాళ్ల కొలత లేనిదే ఇనుము నిప్పులో పెట్టదు.

వేసవి వచ్చింది. ఒక ఉదయం గవరయ్య రెక్కలు టపటపలాడించుకుంటూ కొలిమి ముందు వాలాడు. ఇతను పెద్ద ముక్కు మీద కొమ్ములాంటి ఇంకో ముక్కు ఉన్న పిట్ట. మనం కొమ్ముపిట్ట అందాం.

ఈ కొమ్ముపిట్టల ఇంటి సంగతి మీకు చెప్పాలి. గుడ్లు పెట్టే ముందు ఆడపిట్ట చెట్టు తొర్రలోకి వెళ్తుంది. లోపలి నుంచి మట్టి మెత్తి తొర్ర నోరు తనే పూడ్చుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. మగపిట్ట రోజంతా తిరిగి పళ్లు తెచ్చి ఆ సందులోంచి అందిస్తాడు. పిల్లలు కాస్త ఎదిగాక ఆడపిట్ట గోడ పొడిచి బయటికి వస్తుంది. కట్టేదీ ఆమే, పగలగొట్టేదీ ఆమే.

గవరయ్య పెళ్లాం సూరమ్మ అప్పటికే తొర్రలో ఉంది.

"అన్నా, ఒక తలుపు చెయ్యాలి," అన్నాడు గవరయ్య, దుబ్బయ్యతో.

దుబ్బయ్య గడ్డంతో పెళ్లాం వైపు చూపించాడు.

"అక్కా, ఒక తలుపు చెయ్యాలి. ఇనప తలుపు. మా సూరమ్మ తొర్రకు బయటి నుంచి బిగించాలి. దానికో తాళం. తాళంచెవి నా మెడలో వేసుకుంటాను. ఈ అడవిలో పెళ్లాన్ని ఇంత భద్రంగా చూసుకునేవాడు ఇంకోడు ఉండకూడదు!"

బొంతక్క బొగ్గు ముక్క తీసుకుంది. "పద. సూరమ్మ దగ్గర కొలత తీసుకోవాలి."

"ఆవిడనెందుకు అడగడం? చేయించేది నేను!"

"లోపల ఉండేది ఆమె."

"ఆడవాళ్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయక్కా?" అనేశాడు గవరయ్య. అన్నాక సమ్మెట ఎవరి చేతిలో ఉందో చూసి, గొంతు తగ్గించాడు. "నీ సంగతి వేరులే."

"ప్రతివాడికీ ఎదుట ఉన్నావిడ సంగతి వేరే," అంది బొంతక్క. "ఇంట్లో ఉన్నావిడకే ఏమీ తెలియదు."

గవరయ్యకు రోషం వచ్చింది. "వాగు అవతల ముళ్లపంది కొలిమి ఉంది. అతను ఏది అడిగితే అది చేసిస్తాడు."

"చేసిస్తాడు. చేసినవాడికి సంతోషం, చేయించినవాడికి సంతోషం. కానీ గోడ పగలగొట్టుకుని బయటికి రావలసిన రోజున ఇనుము అడ్డం తగిలితే, చచ్చేది సూరమ్మా, ఆమె పిల్లలూ. నేను కొలత తీసుకోకుండా చెయ్యను. వస్తావా, వాగు దాటుతావా?"

గవరయ్య వాగు వైపు చూశాడు, తన చెట్టు వైపు చూశాడు. గొణుక్కుంటూ చెట్టు వైపే ఎగిరాడు.

బొంతక్క చెట్టెక్కి సందు దగ్గర మొహం పెట్టింది. "సూరమ్మా, మీ ఆయన నీకు ఇనప తలుపు చేయిస్తున్నాడు. కొలతకు వచ్చాను."

"తలుపెందుకు? గోడ ఉందిగా," అంది సూరమ్మ లోపలి నుంచి.

"తాళం కూడానట."

"తాళంచెవి ఎక్కడుంటుందట?"

"నా మెడలో!" అన్నాడు గవరయ్య ఛాతీ పొంగించి. "ప్రాణం పోయినా వదలను."

"ప్రాణం పోతే?" అంది సూరమ్మ.

గవరయ్య పొంగించిన ఛాతీ దించేశాడు.

"చెప్పవయ్యా. నువ్వు తిరిగిరాని రోజున నేనూ పిల్లలూ ఆ తలుపు వెనక ఏం తినాలి? తుప్పా?"

గవరయ్య కొమ్మ మీద చతికిలబడ్డాడు. "పోయినేడు ఉడుము గోడ గీకి గుడ్డు ఎత్తుకుపోయింది. నేను లేను. మేడిపళ్లకు వెళ్లాను. అప్పట్నుంచి ఎక్కడ వాలినా చెవుల్లో ఆ గీకుడే. నువ్వు లోపల ఒక్కదానివి. నేనేం చెయ్యను సూరమ్మా?"

సూరమ్మ సందులోంచి ముక్కు చాపి, అతని ముక్కును మెల్లగా తట్టింది.

"నాకు తెలియదూ? ఆ గీకుడు గోడకు ఇవతల కూర్చుని విన్నదాన్ని నేను. సరే, ఒక మాట చెప్పు. దొంగ ఎవరు?"

"ఉడుము."

"మరి తాళం నాకెందుకు?"

బొంతక్క నవ్విన నవ్వుకు చెట్టంతా ఊగింది. పండుటాకులు రాలాయి. గవరయ్య కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నీకేం కావాలో నువ్వు చెప్పు తల్లీ," అంది బొంతక్క.

"ఉడుము చెట్టెక్కి వస్తుంది. ఎక్కలేకుండా ఏదైనా చేసిపెట్టక్కా. నా గోడ జోలికి మాత్రం రావద్దు."

బొంతక్క తొర్రకు బాగా కిందుగా చెట్టు చుట్టుకొలత తీసుకుంది. దుబ్బయ్య తిత్తి ఊదాడు, బొంతక్క కొట్టింది. మొనలు కిందికి తిరిగిన ఇనప ముళ్ల పట్టీ ఒకటి తయారైంది. దాన్ని బెరడు నలగకుండా చెట్టు నడుముకు చుట్టారు.

"చూశావా అక్కా," అంది సూరమ్మ, కిందికి చూడలేకపోయినా చప్పుడు వింటూ. "పెళ్లయినప్పట్నుంచీ అడుగుతున్నాను. నాకు చేయించని వడ్డాణం చెట్టుకు చేయించాడు!"

ఆ వారంలోనే ఉడుము వచ్చింది. పట్టీ దాకా ఎక్కింది. ముళ్లను చూసింది. ఎడమ నుంచి ప్రయత్నించింది, కుడి నుంచి ప్రయత్నించింది. చివరికి ఇక్కడికి ఊరికే షికారుకు వచ్చినట్టు మొహం పెట్టి దిగిపోయింది.

గుడ్లు పిల్లలయ్యాయి. పిల్లలకు ఆకలి పెరిగింది. గవరయ్య రోజూ ఇంకా ఇంకా దూరం వెళ్లి పళ్లు తేవలసి వచ్చేది. ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి గాలివాన కొట్టింది. మేడిచెట్టు కొమ్మ ఒకటి ఫెళ్లున విరిగి గవరయ్య మీద పడింది. రెక్క కింద ఇరుక్కుపోయింది. అరిచాడు. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది?

వాన వెలిసింది. గవరయ్య రాలేదు. మర్నాడు పొద్దెక్కింది. అప్పుడూ రాలేదు. పిల్లలు నోళ్లు తెరిచి ఏడవడం మొదలుపెట్టారు.

సూరమ్మ గోడ వైపు తిరిగింది. ముక్కుతో ఒక్క పోటు పొడిచింది. ఇంకో పోటు. మూడో పోటుకు పెళ్ల ఊడి వెలుగు లోపలికి వచ్చింది. బయటికి దూరి, కొమ్మ మీద నిలబడి రెక్కలు దులుపుకుంది.

"పిల్లలూ, నేను గోడ పగుళ్లు మెత్తడం చూశారుగా. అలాగే లోపలి నుంచి పూడ్చుకోండి. నాన్నను తీసుకొస్తాను," అని ఎగిరింది.

మేడిచెట్టు కింద గవరయ్య కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. సూరమ్మ పెట్టిన కేకలకు బొంతక్క, దుబ్బయ్య పరిగెత్తుకొచ్చారు. బొంతక్క కొమ్మ ఎత్తింది. దుబ్బయ్య గవరయ్యను ఒడిలోకి తీసుకున్నాడు.

గవరయ్య కళ్లు తెరిచాడు. ఎదురుగా సూరమ్మ. అతను ఖాళీ మెడను తడుముకున్నాడు. "తాళంచెవి ఇక్కడ ఉండి ఉంటే..." అన్నాడు.

"ఉండి ఉంటే మనం ఇక్కడ మాట్లాడుకునేవాళ్లమా? లే, పిల్లలు ఆకలితో ఉన్నారు," అంది సూరమ్మ. ముక్కుతో అతని తల మీద మట్టి మాత్రం మెల్లగా తుడిచింది.

ఇంటికి వచ్చేసరికి పిల్లలు గోడను వంకరటింకరగా మెత్తుకుని భద్రంగా ఉన్నారు.

గవరయ్య రెక్క అతికేదాకా ఎగరకూడదు. అందుకని బొంతక్క అతన్ని మోసుకెళ్లి తొర్రలోకి దూర్చింది; అతను గోడ మళ్లీ మెత్తుకుని పిల్లల దగ్గర ఉన్నాడు. సూరమ్మ బయట తిరిగి పళ్లు తెచ్చింది. పిల్లలు నాన్న ముక్కు మీద ఎక్కారు, తోక లాగారు, పళ్ల రసమంతా ఒంటికి పూశారు. కాలు చాపుకునే చోటు లేదు.

ఒకరోజు బొంతక్క చూడ్డానికి వచ్చింది. ముళ్ల పట్టీ మీదుగా పెద్ద అంగ వేసి ఎక్కి, కొమ్మ మీద కూర్చుని సందు దగ్గర మొహం పెట్టింది.

"ఏం గవరయ్యా, లోపల ఎలా ఉంది?"

గవరయ్య ముక్కు మీద ఎక్కిన పిల్లను పక్కకు దించాడు.

"ఇరుగ్గా ఉందక్కా," అన్నాడు. "సూరమ్మ ఎప్పుడొస్తుందా అని సందు వైపే చూస్తుంటాను."

బొంతక్క బొగ్గు ముక్క తీసింది. "మరి నీకు తలుపు చెయ్యనా? తాళం కూడా వేద్దాం. చెవి సూరమ్మ మెడలో ఉంటుంది."

"వద్దక్కా! వద్దు, వద్దు!" అని గవరయ్య అరిచిన అరుపుకు పిల్లలు కిలకిలా నవ్వారు. పళ్లు తెస్తున్న సూరమ్మకు ఆ నవ్వు దూరం నుంచే వినబడింది.

నీతి: కొలత ఇవ్వవలసింది అడిగేవాళ్లు కాదు, వాడేవాళ్లు. వాళ్లను అడక్కుండా చేసిన మేలు, ఎంత ప్రేమతో చేసినా, బయటి నుంచి తాళం వేసిన తలుపే.