చిలకమ్మ తేనెసీసా

పొద్దున మూడో తేనెపట్టు కొయ్యనివ్వలేదని నామీద అలిగావు కదూ? సరే, మూతి ముడుచుకునే విను. దుప్పటి మాత్రం సరిగ్గా కప్పుకో.

అనగనగా చలికొండ మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో చిలకమ్మ, లింగన్న అని ఆలుమగలు. వాళ్ళ పెరట్లో ఆవమడి, చిక్కుడుపందిరి, గుమ్మడిపాదు. పక్కనే చెక్కపెట్టెలో తేనెటీగలు. ఆ ఊళ్ళో మూడు పట్లుంటే రెండే కోసేవారు. మూడోది ఈగల తిండికి.

ఆ ఏడు చిలకమ్మ మూడూ కోసేసింది. లింగన్న వద్దన్నాడు, ఆవిడ వింటేనా! కూతురు నీలవేణికి పురుడు దగ్గరపడింది, సీసా నిండా తేనె పట్టుకెళ్ళాలని ఆశ. పెరటినిండా పూలున్నాయి, ఈగలకి అవి చాల్లే అంది. తల్లి మనసు, ఏం చేస్తాం!

చలి పోయిందనుకున్న మాఘమాసంలో మంచు మళ్ళీ వచ్చిపడింది. తెల్లారేసరికి ఆకుల మీద ఉప్పు చల్లినట్టు గడ్డకట్టింది. ఆవపూలన్నీ మాడిపోయాయి. చిలకమ్మ పెట్టె వైపు చూసింది. పూలు పోతే ఈగలేం తింటాయి? పెట్టెలో చుక్క తేనె మిగల్చలేదాయె.

రెండో రోజు సాయంత్రం, చిక్కుడుపూలైనా దక్కాలని తన బొంత తెచ్చి పందిరికి కప్పింది. బొంత మంచుకి తడిసి బరువెక్కింది, పందిరి కాస్తా కూలింది. చిక్కుడూ పోయింది.

ఆ తర్వాత మూడో రోజు. మిగిలింది గుమ్మడిపాదే. కోడి కూయకముందే ఆలుమగలిద్దరూ లేచి, పాదుకి మంచు పట్టకుండా గాలి వచ్చేవైపు ఊక పోగేసి పొగ పెట్టారు. అంతలో గాలి తిరిగి పొగ పెట్టె మీదికి పోయింది. పొగ తగిలితే ఈగలు ఇల్లు కాలుతోందనుకుంటాయే, ఉన్న తేనె తాగి లేచిపోతాయి. పాపం, వీటికి తాగడానికి తేనేదీ? చిలకమ్మ పరిగెత్తి, చీరకొంగు చాపి అడ్డం నిలబడింది. కళ్ళు మండినా కదల్లేదు.

ఎండెక్కింది. గుమ్మడిపూలు బతికాయి. పెట్టెలోంచి ఒక్క ఈగా రాలేదు. చెవి ఆన్చితే చప్పుడే లేదు.

చిలకమ్మ కూలబడి ఏడ్చింది. “నా బిడ్డ కోసం వీటి బిడ్డల నోటికాడ తిండి లాక్కున్నాను” అంది.

అప్పుడు లేచి, లోపలినుంచి సీసా తెచ్చింది. అరచేతుల్లో వెచ్చబెట్టి పెట్టె గుమ్మంలో ఒక చుక్క వేసింది. ఏదీ రాలేదు. రెండో చుక్క వేసింది. మూడో చుక్కకి ఒక ఈగ తూలుకుంటూ వచ్చి మూతి పెట్టింది. దాని వెనక ఇంకోటి.

మరి నీలవేణికో అని మెల్లగా అడిగాడు లింగన్న.

“దానికి మనమున్నాం. వీటికెవరున్నారు?” అంది. పూలు మళ్ళీ నిండుగా పూసేదాకా రోజూ కాస్త కాస్త పోస్తూ, సీసా మొత్తం వాటికే ఇచ్చేసింది.

పురుటికి ఒట్టిచేతులతో వెళ్ళి, జరిగిందంతా కూతురికి దాచకుండా చెప్పింది. నీలవేణి పక్కలోని పసిపిల్లని చూపించి, దీనికి ఊహ తెలిశాక నేనూ చెబుతానమ్మా అంది. అన్నట్టే చెప్పింది.

ఆ పిల్లని నేనేనే. ఏం, ఇంకా అలకేనా?

ఈగ పెట్టెకి, తేనె పట్టుకి,
కథ కంచికి, కునుకు కంటికి.