మాట మింగే లోయకు దారి చెప్పినవాడు

అనగనగా, పిల్లలూ, కంకణపురంలో ఒక రాజకుమారుడికి ఒక గొప్ప సుగుణం ఉండేది. దారి అడిగినవాణ్ణి ఎవర్నీ అతను ఒట్టి చేతులతో పంపేవాడు కాదు. తెలిస్తే తెలిసింది చెప్పేవాడు. తెలియకపోతే ఇంకాస్త వివరంగా చెప్పేవాడు. ఎండన పడి ఇంతదూరం వచ్చినవాడితో "తెలియదు" అనడం కంటే అమర్యాద ఏముంటుంది? ఇంత దయగల మనసు మన వంశంలో ఇంకెవరికీ రాలేదని అతనికి లోలోపల కొంచెం పొంగు కూడా ఉండేది.

అతని పేరు విచక్షణుడు. ఆ పేరు పెట్టింది పుట్టిన పదకొండో రోజున కాబట్టి ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు.

తండ్రి విక్రాంతవర్మ మహారాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి తిప్పితే గాలికి గాట్లు పడేవి. రెండోవాడు కలకంఠుడు, పాట ఎత్తుకుంటే మేస్తున్న ఆవులు నోట్లో గడ్డి అలాగే ఉంచుకుని తలెత్తేవి. మూడోవాడు విచక్షణుడు. ఇతను పుస్తకం రాశాడు.

ఏం పుస్తకమంటారా? ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. దూరదేశం వెళ్లి వచ్చినవాడికి కోట వాకిట్లో కాళ్లు కడిగి, విస్తరి వేసి, నేతి బొబ్బట్లు పెట్టేవారు. తిన్నాక అతను చూసివచ్చిన చోటు గురించి ఒక మంచిమాట చెప్పాలి. మంచిమాటే చెప్పాలి. తిని చెడు చెప్పి లేస్తే విస్తరికి అవమానమని. అందుకని దొంగల చేతిలో బట్టలతో సహా పోగొట్టుకున్నవాడు కూడా, "అక్కడి జనం బహు కలుపుగోలు వాళ్లండీ" అని చెప్పి చెయ్యి కడుక్కునేవాడు. పక్కనే చాప మీద కూర్చుని విచక్షణుడు తాటాకుల మీద గంటంతో రాసుకునేవాడు. ఏ దేశంలో ఏం చూడాలి, మూటలో ఏం కట్టుకోవాలి, ఏ ఊళ్లో ఎక్కడ పడుకోవాలి, అన్నీ రాసేవాడు. వాళ్లు చెప్పింది చప్పగా ఉన్నచోట తన వంతుగా కాస్త ఉప్పూకారం తగిలించేవాడు. అతను మాత్రం కోటగుమ్మం దాటలేదు. దాటితే రాసుకోవడానికి తీరిక ఎక్కడిది?

ఆ పుస్తకంలో మూడు వింతలకు అందరికీ నోరూరేది. నీడలు ఆరేసే ఊరు. పాట వినే లోయ. ఏడు సముద్రాల అవతల, ఒడ్డువాళ్ల నోట విని ఎవరో చెప్పిన బొమ్మల ద్వీపం. ఒకరోజు అన్నలిద్దరూ తమ్ముడి పుస్తకం మూటలో పెట్టుకుని, గుర్రాలెక్కి, ఆ మూడూ చూడటానికి బయల్దేరారు.

నెల గడిచింది. ఆరు నెలలు గడిచాయి. ఏడాది గడిచింది.

"ఏరా, నీ అన్నలెక్కడ?" అన్నాడు రాజు.

"క్షేమంగా ఉండుంటారు నాన్నగారూ. ఆ ద్వీపం గాలి ఒంటికి చాలా మంచిది. ఎలాంటి జబ్బైనా..."

"ఆ గాలి నువ్వు పీల్చావా?"

విచక్షణుడు నోరు తెరిచాడు. జవాబు ఎప్పటిలాగే నాలుక చివరికి వచ్చింది గాని, తండ్రి కళ్లు చూసి వెనక్కి పోయింది.

"దారి చెప్పినవాడివి నువ్వు. వెళ్లి తీసుకురా. వాళ్లిద్దరూ లేకుండా వచ్చావా, ఈ వాకిట్లో నీకు కాళ్లు కడిగేవాడు ఉండడు."

సరే, వెళ్లాడు. వెళ్లగా వెళ్లగా నీడలు ఆరేసే ఊరు వచ్చింది.

మిట్టమధ్యాహ్నం నీడ ముడుచుకుని కాళ్ల కిందికి చేరుతుంది కదా, ఆ ఊరివాళ్లు సరిగ్గా అప్పుడు దాన్ని ఊడదీసి, ఏట్లో ఉతికి, తాళ్ల మీద ఆరేస్తారు. వీధి పొడుగునా నల్లగా, చల్లగా వేలాడుతున్నాయి. పుస్తకంలో ఏం రాశాడు? "అలసిన బాటసారి ఆ నీడల కింద చాప పరుచుకుని హాయిగా పడుకోవచ్చు" అని. చాప పరిచాడు. పడుకున్నాడు.

ఊరంతా కర్రలతో వచ్చింది. పరాయివాడు వాళ్ల నీడలో పడుకోవడమంటే, వాళ్ల పెరట్లోకి దూరి వాళ్ల పక్కమీద పడుకున్నట్టే. అతన్ని మూడు రోజులు ఎండలో గుంజలా నిలబెట్టి, అటు తాడూ ఇటు తాడూ కట్టి, ఊళ్లోవాళ్ల నీడలన్నీ ఆరేశారు.

తడి నీడల మూట మోసే గాడిద ఒకటి పక్కన నిలబడి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏం బాబూ, నువ్వూ ఆ పుస్తకం వాడివేనా?"

"ఏ పుస్తకం?" అన్నాడు విచక్షణుడు.

"అదే, హాయిగా పడుకోమని రాసింది. పోయినేడు ఒక కత్తిరాజు నువ్వు నిలబడ్డచోటే మూడు రోజులు నిలబడ్డాడు. వాళ్ల తమ్ముడట, పాట పాడుతూ నీళ్లు తాగించేవాడు. ఆ పాట వింటే నా మూట కూడా తేలికయ్యేది. అది సరే, ఆ రాసినవాడు ఎప్పుడైనా దొరికితే ఒక్క తాపు తన్నాలని ఉంది."

"పాపం, రాసినవాడు మంచి ఉద్దేశంతోనే రాసుంటాడులే."

"నా తాపు కూడా మంచి ఉద్దేశంతోనేలే," అంది గాడిద. మూడో రోజు కట్లు విప్పుతుంటే మళ్లీ అంది: "పో బాబూ. కొత్త ఊరు పోయినప్పుడు పెద్దమనుషుల్ని అడక్కు. బరువు మోసేవాణ్ణి అడుగు. ఎక్కడ కాలు జారుతుందో వాడికే తెలుస్తుంది."

ఆ రాసింది నేనే అని చెబుదామనుకున్నాడు విచక్షణుడు. దాని వెనక కాళ్లు చూసి, తిరిగొచ్చేటప్పుడు చెబుదాంలే అనుకున్నాడు.

వెళ్లగా వెళ్లగా పాట వినే లోయ వచ్చింది.

లోయలో ఊరుంది, జనముంది, సంతకూడా జరుగుతోంది. కిక్కురుమనే చప్పుడు లేదు. బేరాలు చేతుల్తో. తగాదాలు చేతుల్తో. తల్లులు పిల్లల్ని పిలవాలంటే గులకరాయి విసిరి పిలుస్తున్నారు. విచక్షణుడు గట్టుమీద నిలబడి, "అన్నయ్యా!" అని కేకేయబోయాడు. ఎక్కడినుంచో ఒక తీతువు పిట్ట వచ్చి రెక్కతో అతని నోటిమీద ఫెడీమని కొట్టింది.

"నోరుముయ్యి! ఈ గట్టు దాటి ఒక్క మాటన్నావంటే గొంతు లోయదైపోతుంది. ఇది మాట మింగే లోయ."

"కాదే! పాట పాడితే ఏడింతలు చేసి తిరిగిస్తుందని..."

"నీకెవరు చెప్పారు?"

ఎవరు చెప్పారు? ఆరోజు బొబ్బట్లు తిన్న ముసలి బాటసారి, "ఆ లోయ పాట వింటుందండీ" అని మాత్రమే అన్నాడు. తిన్న విస్తరికి అవమానం కాకుండా, అబద్ధం కాకుండా, అంతకంటే మంచిమాట పాపం అతనికి దొరకలేదు. ఏడింతలు చేసి తిరిగిస్తుంది అన్నది విచక్షణుడు కలిపిన ఉప్పూకారం.

"పోయినేడు ఒకతను ఆ మాటే చెప్పాడు," అంది తీతువు. "నేను అడ్డుపడేలోగా లోయలోకి దిగి గొంతెత్తి పాడాడు. అబ్బ, ఏం పాట! సగంలో ఆగిపోయింది. తరవాత నోరు తెరుస్తాడు, మూస్తాడు. వాళ్లన్న తల బాదుకున్నాడు. పుస్తకం తిరగేసి, బొమ్మల ద్వీపం గాలికి ఏ జబ్బైనా నయమవుతుందని రాసుంటే, పట్టుకుని అటు తీసుకుపోయాడు."

అదీ అతను రాసిందే.

"వినాలనుంటే ఆ రాతికి చెవి పెట్టు. లోయ మింగింది అరిగిపోదు. అలాగని బయటికీ రాదు."

విచక్షణుడు రాతికి చెవి ఆనించాడు. లోపలెక్కడో, బావి అడుగున పాడినట్టు, కలకంఠుడి గొంతు. అదే పాట, అంతవరకే. మళ్లీ మొదటినుంచి.

చాలాసేపటికి లేచాడు. "ముందు చూసుకుని, తరవాత నోరు తెరువు," అంది తీతువు. అతను తలూపాడు. నోరు తెరవలేదు.

వెళ్లగా వెళ్లగా సముద్రం వచ్చింది. ఒక ముసలి తాబేలు అతన్ని వీపుమీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు.

"తాతా, నెయ్యి సముద్రం ఎప్పుడొస్తుంది?" అన్నాడు విచక్షణుడు.

"వచ్చిపోయింది నాయనా."

"ఉప్పగానే ఉందే?"

"ఏడూ ఉప్పే. పాల సముద్రమనీ తేనె సముద్రమనీ ఎవడో రాశాట్ట. అది నమ్మి మంచినీళ్లు తెచ్చుకోకుండా వచ్చినవాళ్లని ఎంతమందిని మోశానో. నువ్వు తెచ్చుకున్నావా?"

తెచ్చుకోలేదు. తాబేలు నిట్టూర్చి, ఒక తిప్ప దగ్గర ఆగి, ఊట చెలమ చూపించి నీళ్లు తాగించింది.

"పోయే దారి అందరూ అడుగుతారు నాయనా. తిరిగొచ్చే దారి ముందు అడగాలి. ఆ ద్వీపం ధూమజిహ్వుడనే మాంత్రికుడిది. వాడి ప్రాణం చిలకలో ఉంది. చిలక పంజరంలో ఉంది. పంజరానికి మూడు గడియలున్నాయి. వచ్చినవాణ్ణల్లా వాడు మూడు ప్రశ్నలు అడుగుతాడు. నిజం చెబితే గడియ ఊడుతుంది. అబద్ధం చెప్పినా, జవాబే చెప్పకపోయినా ఆ వచ్చినవాడు రాయైపోతాడు. తిరిగొచ్చే దారి అదొక్కటే. ఇప్పటిదాకా నేను ఎవర్నీ వెనక్కి మోయలేదు."

ఏడు సముద్రాలూ దాటి ద్వీపం చేరారు. ఎటు చూసినా రాతిబొమ్మలు. మూటలతో, గొడుగులతో, చేతికర్రలతో. వాటి దుమ్ము తుడుస్తూ ఒక అమ్మాయి తిరుగుతోంది. మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాకుమారి, పేరు హేమవల్లి. విచక్షణుడు పెద్దమనిషి కోసం వెతకలేదు. చీపురు పట్టుకున్న ఆమెనే అడిగాడు.

"అమ్మా, నా అన్నలు..."

"అదుగో, మీ పోలికే. ఆయన్ని మాంత్రికుడు ఈ ద్వీపం కింద నీళ్లెంత లోతని అడిగాడు. పుస్తకంలో చూసి, ఏడు తాడిచెట్లు అన్నాడు. రాయైపోయాడు. పక్కాయన నోరు తెరిచాడు గాని మాట రాలేదు. అలాగే ఉండిపోయాడు." ఆమె విచక్షణుడి మూటకేసి చూసింది. "మీ దగ్గర కూడా ఉందా ఆ పుస్తకం? ఇక్కడ ప్రతి మూటలోనూ ఉంది. దుమ్ము తుడవలేక చస్తున్నాను."

ఇంతలో పొగలు కక్కుతూ ధూమజిహ్వుడు వచ్చాడు. వెనకే గాల్లో తేలుతూ పంజరం, పంజరంలో చిలక.

"ఈ ద్వీపం కింద నీళ్లెంత లోతు?"

ఏడు తాడిచెట్లు! నాలుకమీద తయారుగా ఉంది. నిజమైన జవాబు మాత్రం వేరు. పుట్టి బుద్ధెరిగాక అనని మాట అది. గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.

"తె... తెలియదు."

టక్కుమని ఒక గడియ ఊడింది. మాంత్రికుడి పొగ సన్నబడింది.

"ఈ చిలక ఏం తింటుంది?"

జాంపండని రాశాడు. బొమ్మకూడా గీశాడు. "తెలియదు."

రెండో గడియ ఊడింది. ఈసారి మాట కాస్త సులువుగా వచ్చింది. మూడోసారి ఇంకా సులువుగా వస్తుందనిపించింది. మాంత్రికుడు అది కనిపెట్టి నవ్వాడు. కలకంఠుడి బొమ్మ వైపు వేలు చూపించాడు.

"వీడి గొంతు ఎందుకు పోయింది?"

తెలియదు అనేస్తే ఎంత హాయి! పెద్దన్న పక్కనే ఉన్నాడు, హేమవల్లి వింటోంది, తాబేలు వింటోంది. కాని ఈ ఒక్కదానికి మాత్రం అతనికి జవాబు తెలుసు.

"నావల్ల," అన్నాడు విచక్షణుడు. "చూడని లోయ గురించి నేను రాశాను. మా అన్న నన్ను నమ్మాడు."

మూడో గడియ ఊడింది. హేమవల్లి చీపురు పారేసి పంజరం తలుపు పట్టుకుంది. విచక్షణుడు చిలకను అందుకున్నాడు.

"ఆగు, ఆగు!" అన్నాడు ధూమజిహ్వుడు. "నీకేం కావాలో చెప్పు! వచ్చినవాళ్లని నేను పిలిచానా? ఒక్కణ్ణయినా పిలిచానా? వాళ్లంతట వాళ్లొచ్చారు, నీ పుస్తకం పట్టుకుని!"

అది నిజమే. విచక్షణుడు చిలక మెడ విరిచాడు. అది ఎవరికీ ఏ హానీ చెయ్యని చిలక. అతని చేతిలో ఒక్కసారి వెచ్చగా కొట్టుకుని ఆగిపోయింది.

రాళ్లన్నీ మనుషులయ్యాయి. ఎవరి మూట వాళ్లు దులుపుకున్నారు. రణధీరుడు కళ్లు నులుముకుని తమ్ముణ్ణి కావలించుకున్నాడు. కలకంఠుడు నోరు తెరిచాడు.

మాట రాలేదు.

మాంత్రికుడు చేసిందంతా మాంత్రికుడితో పోయింది. గొంతు మాంత్రికుడు తీసింది కాదు కదా.

తాబేలు అందర్నీ విడతలు విడతలుగా ఏడు సముద్రాలూ దాటించింది. లోయ దగ్గర కలకంఠుడు ఆగి, రాతికి చెవి పెట్టి, తన పాట తను విన్నాడు. మూడుసార్లు విన్నాడు. తరవాత లేచి, మోకాళ్ల మట్టి దులుపుకుని నడిచాడు. నీడల ఊళ్లో విచక్షణుడు గాడిద ముందు నిలబడి, రాసింది నేనేనన్నాడు. అది మాట నిలబెట్టుకుంది.

కంకణపురంలో ముగ్గురికీ కాళ్లు కడిగారు. బొబ్బట్లు పెట్టారు. మంచిమాట చెప్పమన్నారు. విచక్షణుడు లేచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. విస్తరికి అవమానం జరిగిందని పురోహితుడు అలిగి వెళ్లిపోయాడు.

హేమవల్లితో విచక్షణుడికి అయిదు రోజుల పెళ్లి జరిగింది. పట్టం కట్టాల్సి వచ్చినప్పుడు రణధీరుడు, "ఏడాది కదలకుండా నిలబడ్డాను, ఇంకా కూర్చోమంటారా?" అని గుర్రమెక్కి పోయాడు. మాటలేనివాడు ఆజ్ఞలెలా ఇస్తాడని మంత్రులు కలకంఠుణ్ణి కాదన్నారు. అలా సింహాసనం విచక్షణుడికి వచ్చింది.

అతను కొత్త పుస్తకం రాశాడు. మంచినీళ్లు మోసుకెళ్లండి, బరువు మోసేవాణ్ణి అడగండి, ఫలానా చోటు నేను చూడలేదు, నాకు తెలియదు, అని ప్రతి ఆకుమీదా రాశాడు. ఎవరూ చదవలేదు. పాతదానికి దేశదేశాల్లో నకళ్లు తీసుకుంటూనే ఉన్నారు. అది చదువుతుంటే ప్రయాణం చెయ్యబుద్ధేస్తుందట.

పిల్లలూ, విచక్షణ మహారాజు నలభై ఏళ్లు చల్లగా ఏలాడు. వానలు కురిశాయి, పంటలు పండాయి. రోజూ భోజనానికి కలకంఠుడు ఎదుటి పీటమీద కూర్చునేవాడు. ఒక్కోసారి విస్తరి అంచుమీద వేలితో తాళం వేసేవాడు. అప్పుడు రాజు తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. దేశాల దారులెన్నో తెలుసుకున్నాడు గాని, అన్నయ్యను క్షమించమని అడగడం ఎలాగో ఆయన చివరిదాకా నేర్చుకోలేదు.