బకెట్లో మూడు టీలు

బస్సు డిపో గేటు పక్కన టీ బడ్డీ నడిపే కొండమ్మకి ఒకటే గర్వం. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని. మొగుడు అప్పలకొండకి కాస్త, మరిది సన్యాసికి కాస్త, మిగిలిందంతా తనకే.

ఒకరోజు డిపో మేనేజరు వచ్చాడు. "ఇక్కడ గోడ లేపుతున్నాం. బడ్డీ తీసెయ్యాలి. లోపల కాంటీను ఖాళీగా ఉంది. రేపు నాలుగింటికి పాలు లేని టీలు మూడు రకాలు కాచి ఉంచండి. దేని రుచి ఏమిటో మీరు చెప్పాలి, నేను తాగాలి. బాగుంటే కాంటీను మీదే" అన్నాడు.

బడ్డీ పోతే పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలి? ఇంకేముంది, ముగ్గురూ టౌన్లో టీపొడి షావుకారు దగ్గరికి పరిగెత్తారు.

షావుకారు మూడు గ్లాసులు వరసగా పెట్టాడు. ఒక్కోదాన్నీ జుర్రున పీల్చాడు, నోట్లో తిప్పాడు, పక్కనున్న బకెట్లో ఉమ్మాడు. "అస్సాం చిక్కన, వేయించిన శనగల వాసన. డార్జిలింగు పల్చన, ద్రాక్షపండు వాసన. నీలగిరి తేట, నిమ్మాకు వాసన. మూత పెట్టి ఐదు నిమిషాలు కదలకుండా ఉంచండి. రుచి మాత్రం నేను చూసినట్టే చూడాలి" అన్నాడు.

మర్నాడు షావుకారు కట్టిచ్చిన టీపొడి పొట్లాలు విప్పారు. శనగలు లేవు. జల్లెడ పట్టారు. ద్రాక్షపళ్ళూ లేవు, నిమ్మాకూ లేదు.

"ఆ షావుకారు ముసలాడు మనకి నాసిరకం అంటగట్టాడు వదినా" అన్నాడు సన్యాసి.

"పోనీలే, మనం లేమూ?" అంది కొండమ్మ. అంతే, మరిగే టీ గిన్నెల్లో ఒకదాంట్లో గుప్పెడు శనగలు, ఒకదాంట్లో ద్రాక్షగుత్తి, ఇంకోదాంట్లో నిమ్మకొమ్మ పడ్డాయి.

మూతలు పెట్టి ముగ్గురూ కదలకుండా నిలబడ్డారు. ఇంతలో మేకొకటి వచ్చింది. మిగిలిన శనగలు తినేసి సన్యాసి లుంగీ అందుకుంది.

"వదినా, మేక" అన్నాడు సన్యాసి, పెదాలు కదపకుండా.

"కదిలావంటే టీ పాడైపోద్ది" అంది కొండమ్మ. ఐదు నిమిషాలయ్యేసరికి లుంగీ మోకాళ్ళ పైకి వచ్చింది.

తర్వాత రుచి చూడ్డం మొదలెట్టారు. జుర్రున పీల్చడం, బకెట్లో ఉమ్మడం. ఒక్కసారికి తెలియలేదని రెండోసారి, రెండోసారికి మరిచిపోయి పదోసారి.

నాలుగింటికి మేనేజరు వచ్చాడు. కొండమ్మ గొంతు సవరించుకుంది. "అస్సాం టీ సార్, వాన కురుస్తుంటే అరుగు మీద కూచుని శనగలు నమిలినట్టుంటది. డార్జిలింగు, తీపి తగిలేలోపు జారిపోద్ది. నీలగిరి తాగితే తలంటు పోసుకున్నట్టుంటది."

మేనేజరుకి నోరూరిపోయింది. "అద్భుతం. ఏదీ, పొయ్యండి."

"గిన్నెల్లో లేదు సార్. బకెట్లో ఉంది. షావుకారు చుక్క మింగలేదు, మేమెందుకు మింగుతాం? మొత్తం భద్రంగా ఉంచాం" అంటూ కొండమ్మ బకెట్లో గ్లాసు ముంచింది.

మేనేజరు మూడడుగులు వెనక్కి వేశాడు. అయినా ఆ చెప్పిన తీరు విన్నాక కాదనబుద్ధి కాలేదు. "రేపు ఇదే టైముకి వస్తాను. ఇదే ఆఖరిసారి. ఒక్క చుక్క కూడా ఉమ్మకూడదు. మింగండి" అని గట్టిగా చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు నాలుగింటికి ముగ్గురూ లేవలేక బడ్డీకి చేరగిలబడి ఉన్నారు. పొట్టలు ఉబ్బిపోయాయి. గిన్నెలు మూడూ బోర్లించి ఉన్నాయి. మేనేజర్ని చూడగానే కొండమ్మ ముఖం వెలిగిపోయింది.

"చుక్క ఉమ్మలేదు సార్. మొత్తం మింగేశాం. ఎక్కడన్నా మిగిలితే మీరు కోప్పడతారని మా సన్యాసి గిన్నెలు కూడా నాకేశాడు. కాంటీను తాళం ఇటిస్తారా?"