నలభై ఏడో నంబరు అతుకు

దాలినాయుడు మాస్టారి దగ్గర వెల్డింగు నేర్చుకున్నవాళ్ళు సింగపూరు నుంచి సౌదీ దాకా ఉన్నారు. శ్రీకాకుళం నుంచి పాలకొండ వెళ్ళే దారిలో ఆయన రేకుల షెడ్డు ఉంది. సెలవు మీద దేశం వచ్చినవాడు ముందు ఇంటికీ, ఆ మర్నాడు ఆ షెడ్డుకీ వెళ్ళడం ఆ ప్రాంతంలో ఆనవాయితీ అయిపోయింది. పని గురించి ఏమడిగినా మాస్టారు తడుముకోకుండా చెబుతారు. రాడ్డు ఎంత వాలుగా పట్టాలో, ఏ మందానికి ఎంత కరెంటు పెట్టాలో ఆయన నోటి మీదే ఉంటుంది. బతుకు గురించి అడిగితే మాత్రం సలహా చెప్పరు. ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు.

కిందటేడు ఖతర్ నుంచి వచ్చిన కూర్మారావు ఆయన్ని ఇలా అడిగాడు.

“మాస్టారూ, మన వైపు పనులు మళ్ళీ లేస్తున్నాయంటున్నారు. హార్బరంటున్నారు, ఫ్యాక్టరీలంటున్నారు. పేపర్లో ఒకరోజు అవునని రాస్తారు, మర్నాడు కాదని రాస్తారు. నాకు అక్కడ పని బాగానే ఉంది. కానీ పద్నాలుగేళ్ళయిపోయింది. నమ్ముకుని వచ్చీమంటారా, అంతా కుదుటపడేదాకా ఆగమంటారా?”

“దేవుపేట వైకుంఠం నీకు తెలుసునా?” అన్నారు మాస్టారు.

తెలీదన్నాడు కూర్మారావు.

“నీకన్నా ముందు నా దగ్గర పని నేర్చినవాడు. కూచో,” అని స్టూలు చూపించి, ఆయన చెప్పిన సంగతి ఇది.

దేవుపేటకు పేరొచ్చింది చక్కెర మిల్లు వల్ల. మిల్లు కూత వేసే వేళకు అక్కడ పొయ్యిలు వెలిగేవి, బడి గంట కొట్టేవారు, బస్సులు కదిలేవి. అలాంటి మిల్లు మూతపడింది. ఆరేళ్ళలో ఊరి రూపే మారిపోయింది. రైతులు చెరకు తీసేసి సరుగుడు వేసుకున్నారు. లారీలవాళ్ళు లారీలు అమ్ముకున్నారు. మిల్లులో పనిచేసిన ఫిట్టర్లు, వెల్డర్లు ఒకరి వెనక ఒకరు ఓమాను దారి పట్టారు. మిల్లు ఇంకా కుంటుతూ నడుస్తున్న రోజుల్లోనే, అందరికన్నా ముందు వెళ్ళినవాడు బలగ వైకుంఠం. అక్కడ ఒక గ్యాసు ప్లాంటులో అతనికి పని. ఆ ప్లాంటులో పైపు మీద అతుకు వేసిన ప్రతి వెల్డరూ దాని పక్కనే తన నంబరును ఇనుప ముద్రతో కొట్టాలి. వైకుంఠం నంబరు నలభై ఏడు. పదకొండేళ్ళలో ఎక్స్‌రేకు నిలవక తిప్పికొట్టిన నలభై ఏడో నంబరు అతుకులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొత్తగా చేరినవాళ్ళకు ఇంజనీర్లు ఆ నంబరున్న అతుకు చూపించి “ఇలా ఉండాలి” అనేవారు. ఆ సంగతి వైకుంఠం ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోకపోయినా, అది అతని నడకలోనే కనిపించేది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, దేవుపేట వాళ్ళు పద్దెనిమిది మంది క్యాంపు మెస్సులో కూర్చున్నారు. ఊరి నుంచి కబురొచ్చింది. రైతులు సంఘం కట్టి మిల్లు మళ్ళీ తెరవబోతున్నారు. బాయిలరులో తొంభై ట్యూబులు తుప్పుపట్టాయి, వాటిని మార్చాలి. బయటి కాంట్రాక్టరును పిలిస్తే మూడేళ్ళ పనికి హామీ ఇమ్మన్నాడు. ఒక్క సీజనుకు మించి మాటివ్వలేమని సంఘం వాళ్ళు నిజం చెప్పారు. అతను వెళ్ళిపోయాడు. ఊరి మనుషులెవరైనా వస్తారా అని ఇప్పుడు అడుగుతున్నారు.

“ఒక్క సీజను నమ్ముకుని వీసా వదులుకుంటామేటి?” అన్నారొకరు.

“ఈ ఏడు చక్కెర ధర బాగుంది. పై ఏడు సంగతి ఎవడు చూశాడు?” అన్నారింకొకరు.

వాళ్ళలో పెద్దవాడు, మిల్లులో ఒకప్పుడు ఫోర్‌మన్‌గా చేసిన అప్పలస్వామి, చివరికి తేల్చాడు. “ముందు మిల్లును నిలబడనీండి. రెండు సీజన్లు నడిచిందంటే అందరం కట్టకట్టుకుని పోదాం.” బాధ్యతలున్న మనిషి అనవలసిన మాటే అది. అందరూ తలలూపారు. వైకుంఠమూ ఊపాడు.

అయితే ఆ వారమంతా అతనికి ఆ బాయిలరే కళ్ళలో మెదిలింది. దాని వెనక వరసలో గోడకూ ట్యూబులకూ మధ్య తల పట్టేంత చోటు లేదు. అవతలివైపు చిన్న అద్దం నిలబెట్టి, అద్దంలో కనిపించేదాన్ని చూసుకుంటూ అతుకు వేయాలి. అద్దంలో కుడి ఎడమవుతుంది, చెయ్యి ఒకవైపు పోతే కన్ను ఇంకోవైపు లాగుతుంది. ఆ పని రావడానికి ఏళ్ళు పడుతుంది. ఊరి చుట్టుపక్కల అది వచ్చినవాళ్ళు ఎవరెవరా అని వైకుంఠం ఒక్కొక్కరినీ తలచుకున్నాడు. అందరూ తనతోపాటు ఆ మెస్సులోనే అన్నం తింటున్నారు. ఆదివారం వెళ్ళి సెలవు కాగితం పెట్టాడు. ఉద్యోగం మాత్రం వదల్లేదు. నలభై ఐదు రోజుల సెలవు, తిరుగు టిక్కెట్టు జేబులో పెట్టుకునే వచ్చాడు.

ఇంటికి వచ్చిన రెండో రోజే మిల్లుకు బయల్దేరుతుంటే అతని భార్య నీలవేణి గుమ్మంలో నిలబడింది. “పదకొండేళ్ళు నాను పిలిస్తే రాలేదు. మిల్లు పిలిస్తే పరిగెట్టుకుని వచ్చీసినావు,” అంది. సాయంత్రం వచ్చేసరికి అతని పాత ఖాకీ చొక్కా మోచేతుల మీద రెండేసి పొరలు మందపు గుడ్డ వేసి కుట్టి ఉంచింది, రవ్వలు పడి ఒళ్ళు కాలకుండా.

మొదటి దెబ్బ బాయిలర్ల ఇన్‌స్పెక్టరు దగ్గర తగిలింది. ఓమాను కాగితాలు ఇక్కడ చెల్లవనీ, ఒక పరీక్ష ముక్క మీద అతుకు వేసి చూపించనిదే బాయిలరు ముట్టుకోనివ్వననీ ఆయన అన్నాడు. పదకొండేళ్ళ పేరున్నవాణ్ణి నిన్న నేర్చుకున్నవాడితో సమానంగా నిలబెట్టినట్టయింది. వైకుంఠం చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా గుండీలు పెట్టుకుని, పరీక్ష ముక్క వేశాడు. దాన్ని యంత్రంలో పెట్టి మెలి వంచారు. వెంట్రుకంత పగులు లేదు. ఇన్‌స్పెక్టరు దాన్ని వేలితో తడిమి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ సరుగుడు తోటల నడుమ పచ్చగా ఒక చెరకు చేను చూశాడు వైకుంఠం. సన్యాసమ్మ గాలికి పడిపోకుండా గడలను కలిపి జడలు కడుతోంది. అరవై దాటిన మనిషి. రెండెకరాలు తనదే.

“పిన్నీ, ఈ చెరకు ఎప్పుడేశావు?”

“పోయిన మాఘంలో.”

“అప్పటికి మిల్లు తెరుస్తారన్న మాటే లేదు కదా. ఏ ధైర్యంతో వేశావు?”

సన్యాసమ్మ చేతిలో పని ఆపలేదు. “చెరకు ఎదగడానికి పది నెలలు పడతాది నాయనా. మిల్లు తెరిచినాక వేస్తే, తెరిచిన మిల్లు ఏటి ఆడతాది?”

తనలాగే ఇంకో నలభై ఇళ్ళవాళ్ళు వేశారనీ, మిల్లు తెరవకపోతే బెల్లం వండుకుందామనుకున్నారనీ చెప్పింది. గొప్ప పని చేశామన్న ధ్యాస ఆమెకు ఉన్నట్టు లేదు. వైకుంఠం చేను గట్టు దిగి, వచ్చిన దారినే మళ్ళీ మిల్లుకు వెళ్ళి, మర్నాటి పనికి ట్యూబులు వరసగా పేర్పించి అప్పుడు ఇంటికి వచ్చాడు.

ముప్ఫై మూడు రోజులు పని సాగింది. ముందు వరసలు కూర్చుని వేశాడు, నడిమి వరసలు వంగి వేశాడు, వెనక వరస వెల్లకిలా పడుకుని అద్దంలో చూస్తూ వేశాడు. మిల్లు లేతు మీద నాలుగు, ఏడు అంకెలున్న ఇనుప ముద్ర ఒకటి చేయించుకున్నాడు. ప్రతి అతుకు పక్కనా ఆ ముద్ర కొట్టాడు. బాయిలరు దగ్గర పాతికేళ్ళు పనిచేసిన పోలారావుకు అది వింతగా తోచింది.

“ఇక్కడ నంబరు ఎవరడుగుతారు వైకుంఠం?”

“అతుకే అడుగుతాది మావా,” అన్నాడతను.

విమానానికి ఇంకా మూడు రోజులుందనగా నీటి పరీక్ష పెట్టారు. బాయిలరు నిండా నీళ్ళు నింపి, పంపుతో ఒత్తిడి ఎక్కించారు. గేజీలో ముల్లు పైకి వెళ్ళి నిలిచింది. సంఘం వాళ్ళందరూ బయట నిలుచున్నారు. ఇన్‌స్పెక్టరు టార్చిలైటు పట్టుకుని వరస వరసా చూసుకుంటూ వెళ్ళి, వెనక మూలన ఆగాడు. ఒక అతుకు దగ్గర చెమట బిందువులాంటి చుక్క ఉంది. తుడిచాడు. మళ్ళీ పుట్టింది.

“ఇదెవరిది?”

పాత గోడ చెమ్మ అయ్యుంటుందని పోలారావు గొణిగాడు. వైకుంఠం అద్దం దూర్చి చూశాడు. అద్దంలో తిరగబడి కనిపించినా ఆ అంకెలు అతనికి తెలియనివి కావు.

“నాదేనండి,” అన్నాడు, బయటివాళ్ళకు కూడా వినపడేలా.

నీళ్ళు తీసేసి, ఆ అతుకు కోసి మళ్ళీ వేయాలి. ఇన్‌స్పెక్టరు మళ్ళీ రాగలిగేది ఆరు రోజులకు. వైకుంఠం ఓమానుకు ఫోన్ చేసి ఇంకో వారం అడిగాడు. అక్కడి సూపర్‌వైజరు మంచివాడే. “ఆదివారం నుంచి ప్లాంటు ఆపి మరమ్మతు పని మొదలవుతుంది. నువ్వు లేకపోతే నీ చోట ఇంకొకణ్ణి పెట్టక తప్పదు. తర్వాత నా చేతిలో ఉండదు,” అన్నాడు. సంఘం ప్రెసిడెంటు కూడా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “ఎనభై తొమ్మిది నిలిచాయి బాబూ. నువ్వు చేసింది చాలు. ఆ ఒక్కటీ ఎవరితోనో ఎలాగో వేయించుకుంటాం. నీ అన్నం పోగొట్టుకోకు.”

 వైకుంఠానికి కట్టుకుంటున్న ఇల్లు గుర్తొచ్చింది, కూతురి చదువు గుర్తొచ్చింది. అంత తేలికైన సంగతేమీ కాదు. “నా నంబరున్న అతుకు కారుతుంటే నాను విమానమెక్కలేనండి,” అన్నాడు చివరికి.

ఇంటికి వెళ్ళి నీలవేణికి చెప్పాడు. ఆమె అతని ముఖంలోకి చూసి, “అయితే ఆ చొక్కా ఉతకడానికి వేయి,” అంది.

ఆదివారం వచ్చింది, పోయింది. ఆ రోజంతా అతను బాయిలరు వెనక మూలలో పడుకునే ఉన్నాడు. పాత అతుకు కోసి, అంచులు తళతళలాడేదాకా ఆకురాయి పట్టి, ఊపిరి కూడా లెక్కగా తీసుకుంటూ కొత్త అతుకు వేశాడు. పక్కన మళ్ళీ అదే నంబరు కొట్టాడు. ఆరో రోజున పరీక్ష పెడితే అరగంట సేపు ముల్లు కదల్లేదు. ఇన్‌స్పెక్టరు అద్దం అడిగి తీసుకుని ఆ మూలను తానే చూశాడు. మన దగ్గర అవసరం లేకపోయినా, రిపోర్టులో ఆ అతుకుల కింద వెల్డరు పేరూ, పక్కన నలభై ఏడన్న అంకె కూడా తన చేత్తో రాశాడు.

నెల తిరిగాక ఒక ఉదయం పది గంటలకు, ఆరేళ్ళ తర్వాత, దేవుపేట మిల్లు కూత వేసింది. జనం ఎక్కడి పని అక్కడ వదిలి రోడ్డు మీదికి వచ్చారు. కొట్లలో త్రాసులు ఆగిపోయాయి. బస్సులోంచి మనుషులు తలలు బయటపెట్టారు. చెరకు ట్రాక్టర్ల వరసలో సన్యాసమ్మ ముందుంది, గడల మోపు మీద పెళ్ళికి వెళ్ళే మనిషిలా కొత్త చీర కట్టుకుని కూర్చుంది. బాయిలరు దగ్గర ఉన్న వైకుంఠానికి ఇవేవీ కనిపించలేదు. జేబులో ఫోన్ మోగింది. “వినపడింది,” అని ఒక్క మాట అని నీలవేణి పెట్టేసింది. వైకుంఠం ఫోన్ జేబులో పెట్టుకుని పోలారావు వైపు తిరిగాడు. ఆ వేళ అతని ముఖం ఎలా వెలిగిందో చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ సీజను డెబ్బై ఒక్క రోజులే మిల్లు ఆడింది. వంద ఆడాలి, చెరకు చాలలేదు. ఇంకొంతమంది సరుగుడు కొట్టించి చెరకు వేశారు, కొంతమంది ఇంకా చూద్దామన్నారు. వైకుంఠం ఇప్పుడు అక్కడే బాయిలరు ఫోర్‌మన్. సీజనుకు సీజను పని. ఇల్లు మునుపు అనుకున్నంత వేగంగా లేవడం లేదు. కూతురు మాత్రం ఎవరైనా మీ నాన్న ఏం చేస్తారని అడిగితే, మిల్లు వైపు చెయ్యి చూపిస్తుంది.

మాస్టారు అక్కడ ఆపారు. కూర్మారావు స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

“తర్వాతేటయింది మాస్టారూ? మిల్లు నిలబడినట్టేనా? పై ఏడు ఆడుతాదా?”

దాలినాయుడు మాస్టారు లేచి, మోకాళ్ళ మీది ఇనప్పొడి దులుపుకున్నారు. ఆయన గొంతులో గర్వం దాచినా దాగలేదు.

“ఓమానులో ఉన్న పదిహేడుమందీ వారం వారం ఫోన్ చేసి వైకుంఠాన్ని అడుగుతున్నది ఆ మాటే. అందరికన్నా ముందు దిగినవాడు కదా, వాడికి మాత్రం ఆ మాట అడగడానికి ఎవరూ లేరు.”