తూము కింది బిడ్డరాయి

చందలరేవు పాలమ్మ గుడికి చంటిబిడ్డల తల్లులు ఏడాది పొడవునా వస్తుంటారు. అమ్మకు పాలు పోసి మొక్కితే రొమ్ముకు పాలు పడతాయని గట్టి నమ్మకం. వెండి తొడుగులో ధగధగలాడే ఈ తల్లి ఎవరో మాత్రం చాలామంది అడగరు.

పూర్వం ఇక్కడ ఓడల్లో మనుషులను దింపి, గొడ్లను చూసినట్టు పళ్ళు చూసి అమ్మేవారు. దివాణంలో దొరసానికి పాలు పడకపోతే, ఆఫ్రికా తీరం నుంచి తెచ్చిన ఒక హబ్షీ బాలింతను దొర కొన్నాడు. ఆమె పేరు మర్జానా. చంకలో సుంబులా అనే పసికందు. దివాణపు చినబాబు ఆమె పాలు తాగే ఒళ్ళు చేశాడు. ఆమె ముట్టిన కుండలో నీళ్ళు మాత్రం ఆ ఇంట ఎవరూ తాగలేదు.

చినబాబు కడుపు నిండేసరికి సుంబులాకు చుక్క మిగిలేది కాదు. మర్జానా దొరసాని కాళ్ళు పట్టుకుంది.

“అమ్మా, ఒక్క పూట నా బిడ్డకు ముందు పట్టనివ్వండి.”

“ఆ బొగ్గుముక్కకు పాలెందుకే? గంజి పట్టు, కాస్త తెల్లబడుతుందేమో!” అంది దొరసాని. దాసీలు పకపకా నవ్వారు.

పసిగొంతుకు గంజి దిగలేదు. ఆ వానాకాలంలోనే బిడ్డ కన్నుమూసింది. మర్జానా దాన్ని ఒడిలో పెట్టుకుని సముద్రపు ఒడ్డున కూర్చుండిపోయింది. దొర మనుషులు వచ్చి జబ్బ పట్టి లాగబోతే చేతికి రాయి తగిలింది. ఒడిలో ఇంకో చిన్న రాయి.

అక్కడ దివాణంలో చినబాబు ఎవరి పాలూ పట్టక వాడిపోసాగాడు. అప్పుడు మర్జానా దొరసాని కలలోకి వచ్చి, “ముందు నా బిడ్డకు పాలు పొయ్యి. ఆ తర్వాతే నీ బిడ్డ” అంది. దొరసాని పాలచెంబుతో పరుగెత్తి చిన్న రాతిమీద పోసింది. పిల్లవాడు బతికాడు. అమ్మ ఇక్కడ వెలిసింది.

తరువాత గుడి కట్టినవారు పెద్ద రాతికి వెండి తొడిగారు. చిన్నది మరీ నల్లగా ఉంది, గర్భగుడిలో బాగుండదని, గోడ వెనక అభిషేకపు పాలు బయటికి పోయే తూము కింద పెట్టారు. నేటికీ మొదటి చెంబు అమ్మకే. కడిగిన నీళ్ళతో కలిసి పారింది బిడ్డకు చేరుతుంది. హబ్షీల సంతతివారు రేవువాడలోనే ఉన్నారు. ఉత్సవంలో డప్పు వారిదే, కొట్టేది ప్రహరీ అవతల. ఏ కొత్త బాలింతయినా చెంబుతో గుడి వెనక్కి నడిస్తే, “అటెక్కడికే? ఆ రాయి ముట్టుకుంటే పిల్లకు నలుపంటుకుంటుంది!” అని అత్తగారు చెయ్యి పట్టి లాక్కొస్తుంది.

అమ్మ మహిమ చెప్పనలవి కాదు. మనుషులు తనకు ఇంత చేసినా, ఇక్కడికి వచ్చిన తల్లికి పాలకు లోటు రానివ్వలేదు. భక్తులు ముందుగా తూము దగ్గరికి వెళ్ళి, చిన్న రాతికి పోసి, తరువాతే లోపలికి రావలసిందిగా మనవి. ఆ తల్లి అడిగింది అదొక్కటే.