ఐసు మీద ఉప్పు

ముందు నాకొకటి చెప్పండర్రా. మంచన్నది ఎన్నడూ కురవని ఊళ్ళో పుట్టిన ఆడపిల్ల మంచు మీద ఆడకూడదని ఎక్కడ రాసుంది? సరే, దుప్పటి లాక్కుని వినండి.

అనగనగా ఒక ఊళ్ళో, అలల చప్పుడే గడియారంగా బతికే జాలర్ల ఊళ్ళో, నూకరత్నం అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళయ్య ఎల్లాజీ ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు. తల్లి పోలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగేది.

ఆ ఊళ్ళో చేపల్ని వేలం వేసే షెడ్డొకటి ఉంది. పొద్దున్నపూట అక్కడ కాలు పెట్టే చోటుండదు. మధ్యాహ్నానికి ఖాళీ. నీళ్ళు కొట్టి కడిగితే సిమెంటు నేల నున్నగా మెరిసేది. అప్పుడు బడిలో ఆటలు నేర్పే టీచరమ్మ ఆ నేల చూసి, చక్రాల బూట్లు నాలుగు జతలు తెచ్చింది. నూకరత్నం ఒక జతలో కాళ్ళు దూర్చింది. మొదటిరోజు మోకాలు చీరుకుంది, రెండోరోజు మోచెయ్యి, మూడోరోజు గడ్డం. నాలుగోరోజు పడలేదు.

ఆ తర్వాత చక్రాల మీద హాకీ నేర్చింది. ఆడుతూ ఆడుతూ జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది. అప్పుడు లడాఖ్ నుంచి పిలుపొచ్చింది. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకట్టి రాయైపోతాయి. వాటి మీద ఆడే ఆటే ఐస్ హాకీ. బూట్ల కింద చక్రాలుండవు, కత్తుల్లాంటి బద్దలుంటాయి. బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది.

అక్కడి పిల్లలు మంచులో పుట్టి పెరిగినవాళ్ళు. మొదటి ఏడాది ఈమె పడుతుంటే నవ్వారు, చేపల వాసనొస్తోందని ముక్కు మూసుకున్నారు. రెండో ఏడాది బెంచీ మీద కూర్చోబెట్టారు. మూడో ఏడాది గోలు కాసే పిల్లకి జ్వరమొచ్చి, వేరే దారి లేక ఈమెని నిలబెట్టారు. ఆరోజు ఒక్క బిళ్ళ కూడా లోపలికి పోలేదు. ఎలా ఆపావని అందరూ మూగారు.

"మా ఊళ్ళో వల విసిరేవాళ్ళు చేపని చూడరు. అది తిరగబోయే చోటు చూస్తారు" అంది నూకరత్నం. ఆ తర్వాత ఎవరూ ముక్కు మూసుకోలేదు.

తొమ్మిదేళ్ళు దేశం జట్టుకి గోలు కాసింది మన నూకరత్నం. పన్ను ఊడింది, వేలు రెండుసార్లు విరిగింది. పరాయి దేశంలో చివరి మూడు దెబ్బలూ ఆపి కంచు పతకం తెచ్చింది. ఏటేటా జట్టువాళ్ళు వాడి వదిలేసిన కర్రలూ బూట్లూ పోగుచేసి, బూట్లకి బద్దలు తీయించి చక్రాలు బిగించి ఊరికి పంపేది. చక్రాల బూట్లు దొరికినవాళ్ళకి దొరికాయి, లేనివాళ్ళు వట్టికాళ్ళతోనే పరిగెత్తారు. మధ్యాహ్నమైతే చాలు, ముప్పైమంది ఆడపిల్లలతో షెడ్డు మోగిపోయేది.

అప్పుడు ఒకరోజు పోలమ్మ ఫోను చేసింది. ఊరిపెద్ద మసేనయ్య షెడ్డునిండా చేపల పెట్టెలు పేర్పిస్తాడట. ఆడపిల్లల గెంతులకి అంత చోటెందుకన్నాడట. ఆయన చెడ్డవాడు కాదర్రా, ఆ ఆట ఎన్నడూ చూడలేదంతే. కానీ చూడకుండా తీర్పు చెప్పేవాడితో వచ్చే చిక్కు చెడ్డవాడితో కూడా రాదు.

నూకరత్నం రైలెక్కి వచ్చింది. ఒక్క ఆట చూడమంది, చూశాక ఆయనేమంటే అదేనంది. మసేనయ్య సరేనన్నాడు. అయితే చక్రాలాట వద్దు, దేశమంతా చెప్పుకునే ఆ ఐసాటే చూపించమన్నాడు.

ఐసు మాట రాగానే ఎల్లాజీ ముందుకొచ్చాడు. ఫ్యాక్టరీవాళ్ళు బండిమీద మూడు విడతలుగా దిమ్మలు తెచ్చారు. షెడ్డులో పక్కపక్కన పేర్చారు, సందుల్లో నలగ్గొట్టిన ఐసు చూర కూరారు, చల్లనీళ్ళు పోశారు. చూస్తుండగానే ఊళ్ళోకి చిన్న లడాఖొచ్చింది. నూకరత్నం ఇంట్లో బూట్లు బిగించుకుంటోంది.

అప్పుడు ఎల్లాజీకి గుబులు పుట్టింది. ఎండ మండుతోంది, కూతురొచ్చేదాకా ఐసు నిలబడాలి కదా. చేపల పెట్టెలో ఐసుకి చల్లదనం పెంచడానికి ఉప్పు చల్లడం ఆ ఊరి అలవాటు. అందుకని మూడు బస్తాల ఉప్పు తెచ్చి, ముగ్గేసినంత ముచ్చటగా నేలంతా చల్లాడు. మూత పెట్టిన పెట్టెలో జరిగేది వేరు, బయట జరిగేది వేరు. ఉప్పు తగిలిన ఐసు కరిగింది. నూకరత్నం వచ్చేసరికి షెడ్డంతా జావ.

ఎల్లాజీ తలెత్తలేదు. మసేనయ్య మీసం కింద నవ్వుకున్నాడు. "ఏటమ్మీ, ఇది ఆటా, ఈతా?"

నూకరత్నం అయ్యని ఒక్క మాట అనలేదు. వంగి, బద్దల బూట్లు విప్పి పక్కన పెట్టింది. వట్టికాళ్ళతో ఆ జావలోకి దిగింది. "నేల చల్లగా బాగుందయ్యా" అంది. ఆ తర్వాత గోలు దగ్గర నిలబడి ఆడపిల్లల్ని పిలిచింది.

ఇంక చూడండి. జారారు, పడ్డారు, లేచారు. ఐసునీళ్ళు చిమ్మి మసేనయ్య పంచె తడిసింది. అప్పుడు స్తంభం చాటునుంచి ఒక బుడ్డది కర్రపట్టుకుని దూసుకొచ్చింది. ఎవరనుకున్నారు? మసేనయ్య మనవరాలు మాలచ్చి. మొదటి దెబ్బ నూకరత్నం మోకాలితో ఆపింది, రెండోది అరచేత్తో. మూడోసారి మాలచ్చి ఎడమకి వంగి కుడికి కొట్టింది. బిళ్ళ లోపల, నూకరత్నం నేలమీద.

చిన్నపిల్లని జాలిపడి వదిలావా అని మసేనయ్య అడిగాడు.

"లేదు తాతా, నిజంగా ఓడిపోయాను. రెండేళ్ళుగా ఈ నేల మీదే నేర్చుకుంటోందట. నువ్వటు వస్తే తిడతావని స్తంభం చాటున దాక్కునేదట."

మసేనయ్య తడిసిన పంచె ఎగ్గట్టాడు. షెడ్డు మూలకి అప్పటికే చేరిన పెట్టెల్లో మొదటిదాన్ని తనే ఎత్తి బయట పెట్టాడు. దానిమీద కూర్చుని, ఇంకో ఆట ఆడమన్నాడు. మిగతా పెట్టెలు ఊళ్ళోవాళ్ళే మోశారు. ఆనాటినుంచి మధ్యాహ్నం షెడ్డు ఆడపిల్లలదే. అక్కడినుంచి లడాఖ్ వెళ్ళినవాళ్ళు ఇప్పటికి ముగ్గురు.

మీ బళ్ళోనూ స్తంభం చాటున ఒక పిల్ల నిలబడి ఉంటుందర్రా. అందుకని,

కథేమో కదిలింది కంచికి,
మనమేమో చేరాం మంచానికి,
తెల్లారగానే పిలవండి ఆ పిల్లని ఆటకి.