ఆషాఢ అమావాస్య నాడు పుట్టినవాళ్లు

స్వామి తీర్థం అందరికీ తీపే నాయనా, అనుమానం ఉన్నవాడి నాలుక మీదే చేదు. మందపాడు రాజు ప్రసాదం కూడా పక్కవాడు తిన్నాకే ముట్టేవాడు.

అలాంటి రాజు చెవిలో ఆస్థాన సిద్ధాంతి ఓ మాట వేశాడు. "ప్రభూ, కోట బురుజు కూలింది ఆషాఢ అమావాస్య నాడు. పట్టపుటేనుగు చచ్చిందీ ఆ తిథినే. ఈ ఏడు అదే తిథిన నేతగాడు వీరన్నకు కూతురు పుట్టింది. ఆ తిథిన పుట్టినవాళ్లు ఊళ్లో ఉంటే కోటకు చేటు."

తల్లీబిడ్డల్ని పొలిమేర దాటించమన్నాడు రాజు. చూస్తే పచ్చి బాలింత, బయట జోరువాన. ఆ పిల్లకు బొడ్డుకోసిన మంత్రసాని నాంచారమ్మ ఉండబట్టలేక సభకు వచ్చింది.

"నువ్వూ వాళ్ల మనిషివేనా?" అన్నాడు రాజు కళ్లు చిట్లించి.

"నేను అందరి మనిషినీ దొరా. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో బొడ్లు కోసింది నేనే. ఎవరు ఏ తిథిన పుట్టారో నాకు తెలుసు. ఒక్క పిల్లను పంపితే కీడు పోతుందా? ఆ తిథివాళ్లందరి పేర్లూ చెబుతాను, అందర్నీ పంపేయండి. పెద్దిళ్ల నుంచి మొదలుపెట్టనా, సిద్ధాంతి గారూ?"

సిద్ధాంతి గబగబా పంచాంగం తిరగేశాడు. ఆయన ఒక్కగానొక్క మనవడు నాంచారమ్మ చేతుల్లో పడింది ఒక ఆషాఢ అమావాస్య నాడే. జాతకంలో మాత్రం మర్నాటి తిథి, శ్రావణ పాడ్యమి అని రాసుకున్నారు.

"ప్రభూ, ఇప్పుడే మళ్లీ గుణించాను," అన్నాడాయన. "ఆడపిల్ల పుట్టుకతోనే ఆ దోషానికి శాంతి జరిగిపోయింది."

రాజు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చివరికి ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు.

గుమ్మం దాటగానే సిద్ధాంతి గొంతు తగ్గించి, "ఆ సంగతి ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"దేవుడికి తెలుసు స్వామీ. ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు," అంటూ నాంచారమ్మ బాలింతకు కాయం మందు నూరడానికి వీరన్న ఇంటికి నడిచింది.